గ్లాసు తొణకని చేను

ఆ నీళ్ల గ్లాసు కథ ఇంకోసారి ఎవరైనా నా ముందు ఎత్తితే వాళ్లకు మర్యాద దక్కదని పన్నెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. అనుకోవడమే తప్ప చేసిందేమీ లేదు. వకీలు పనిలో ఉన్నవాణ్ణి. పరాయివాళ్ల తరఫున కోర్టులో ఎంత గొంతయినా చించుకుంటాను గానీ నా సొంత విషయం వచ్చేసరికి నోరు పెగలదు. పోయిన నెల ఒక ఆదివారం డాక్టరుగారి ఇంట్లో మళ్లీ ఆ కథే వచ్చింది. ఈసారి నేను నోరు మూసుకోలేదు. అప్పుడెందుకు మూసుకున్నానో, ఇప్పుడెందుకు తెరిచానో రెండూ రాసి పెడదామని కూర్చున్నాను.

యాభైల్లో మా అనంతపురంలో ఒక మోటారు క్లబ్బు ఉండేది. మొత్తం తొమ్మిదిమందిమి. డాక్టరుగారు అధ్యక్షుడు. ఆయన తర్వాత పెద్ద తలకాయ నూనె మిల్లు సాహుకారు. మిగిలినవాళ్లు కంట్రాక్టర్లు, ఒకరిద్దరు ఆఫీసర్లు. అందరిలోకీ చిన్నవాణ్ణి నేను. నాకున్నది మూడు చేతులు మారిన బుల్లి కారు. పొద్దున దాన్ని లేపాలంటే ఇద్దరు వెనక నుంచి తొయ్యాలి. ఆదివారం పూట అందరం వరసగా కార్లేసుకుని ఊరవతలికి పోయి, ఉప్మా తిని, కాఫీ తాగి, ఎవరి బండి ఎంత వేగం పోయిందో గొప్పలు చెప్పుకుని ఇంటికి వచ్చేవాళ్లం. ఇంతే క్లబ్బు చేసే ఘనకార్యం. వీధి కుళాయి దగ్గర బిందెలు తెల్లారకముందే వరస కట్టే రోజుల్లో మేము మా కార్లకు తలంట్లు పోయించేవాళ్లం. సిగ్గులేని క్లబ్బు అని ఇప్పుడంటున్నాను. చేర్చుకున్న రోజు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు, అంత సంబరం. కల్యాణదుర్గం పక్క పల్లెలో సంగటి ముద్ద తిని పెరిగినవాణ్ణి పెద్దవాళ్లు తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు మరి.

ఆ క్లబ్బు మూతపడి ఏడెనిమిదేళ్లయింది. డాక్టరుగారికి పాత రోజుల మీద మనసు పోయి, మిగిలినవాళ్లను కాఫీకి పిలిచారు. కాఫీ రాకముందే మొదలుపెట్టారు. విదేశీ కంపెనీ కార్లు మా ఊరికి ట్రయలుకు వచ్చిన రోజు గురించి.

"బానెట్ మీద నిండు గ్లాసు పెట్టి నడిపించినాడప్పా ఏజెంటు. ఒక్క చుక్క తొణికింటే ఒట్టు!" అన్నాడు మిల్లు సాహుకారు.

"ఏం స్ప్రింగులయ్యా అవి! పరుపు మీద కూర్చున్నట్టే," అన్నాడు ఒక కంట్రాక్టరు.

"అదంతా సరేగానీ, ఆ పల్లెటూరి ఆడమనిషి గుర్తుండాదా మీకు?" అన్నారు డాక్టరుగారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "కారు అందం చూసి కళ్లనీళ్లు పెట్టుకునింది పాపం. అందమంటే అదీ. చదువూ సంధ్యా లేని మనిషిని గూడా ఏడిపించాల."

అందరూ తలలూపారు. నాకు ఒళ్లు భగ్గుమంది.

ఆ పల్లెటూరి ఆడమనిషి మా అక్క. నాకు తోడబుట్టిన అక్క. వాళ్లు కార్లు నడిపిన ఆ బయలు ఆమె చేను. కార్లు దాన్ని తొక్కడానికి మూడు రోజుల ముందు ఆమె ఆ చేనంతా వేరుశనగ విత్తింది.

విత్తనమంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఈ పెద్దమనుషులకు అది ఇప్పటికీ తెలియదు. అంతకు ముందు ఏడాది వాన సగంలో ఎగ్గొట్టింది. చేనంతా తవ్వితే దొరికిన కాయలు నాలుగు మూటలు. అక్క అందులో ఒక్క కాయ కూడా అమ్మలేదు. ఇంట్లో పిల్లలను తిననివ్వలేదు. మూటలను అటక మీదికి ఎక్కించి, నిచ్చెన తీసి పక్కింట్లో పెట్టించింది, పిల్లలు ఎక్కకుండా. ఎండాకాలమంతా జొన్న అంబలితో నెట్టుకొచ్చారు. గంజి కేంద్రాల ముందు నిలబడ్డ కరువు రోజుల్లో కూడా అక్క విత్తనానికి చెయ్యి పెట్టలేదని మా బావ గొప్పగా చెప్పేవాడు. "మీ అక్క నన్నన్నా అమ్ముతాదేమో గానీ ఇత్తనం అమ్మదప్పా," అనేవాడు. అక్క నోరు కూడా అంతే గట్టిది. ఊళ్లో ఎవరైనా సరే ఆమెతో మాట్లాడేముందు ఒకసారి ఆలోచించుకునేవాళ్లు. ఒక్క నాతో మాత్రం మెత్తగా ఉండేది. నేను హైస్కూలుకు కల్యాణదుర్గంలో ఉన్నప్పుడు, ప్రతి సంతరోజూ ఎనిమిది మైళ్లు నడిచి వచ్చి, వేయించిన కాయలు నా చేతిలో పెట్టి, "తినరా సిన్నోడా, నా ముందరే తిను," అని కూర్చునేది.

జూన్ నెలలో వాళ్ల ఊళ్లో వాన పడింది. ఒక్కటే వాన, కానీ మంచి పదును. మర్నాడే బావ గొర్రు కట్టాడు, అక్క వెనక నడుస్తూ గింజలు వదిలింది. తర్వాత సాళ్లు పూడ్చి నేలను చదును చేసే గుంటక తోలారు. గుంటక తోలిన చేను చూశారా ఎప్పుడైనా? ఒక్క గడ్డ ఉండదు. గింజ మొలిచి పైకి వచ్చేవరకు అది ఉత్త బయలులాగే కనబడుతుంది. తెలియనివాడికి అందులో ఏమీ లేదు. తెలిసినవాళ్లు మాత్రం చెప్పులు విడిచి గట్టు మీద పెట్టి గానీ అందులోకి దిగరు. మొలక వచ్చేదాకా మా వైపు అది ఆచారం. ఇంకొక ఆచారం, విత్తిన చేనులోకి బండ్లూ గొడ్లూ పోకుండా దారి ఉన్న సందులో కంప అడ్డం వేస్తారు. తుమ్మ కంప. చేను చుట్టూ రాసిపెట్టిన బోర్డులేవీ ఉండవు మా దగ్గర. కంప అడ్డం ఉందంటే లోపల విత్తనం ఉందని, రావద్దని. పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి ఇది.

అనంతపురంలో మాత్రం ఆ నెల చినుకు రాలలేదు. మా సీమ వాన అంతే. ఒక ఊరిని తడిపి పక్క ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతుంది. కాబట్టి అక్క వాళ్లు విత్తారన్న సంగతి నాకు తెలియదు. ఇది నాకు నేను చెప్పుకునే సాకుల్లో మొదటిది. కోర్టులో అయితే దీన్ని బాగానే వాదించేవాణ్ణి.

అలాంటి సమయంలో బెంగళూరు నుంచి ఏజెంటు దిగాడు. ఆ విదేశీ కంపెనీ పేరు రాయను. నా కలం నుంచి దానికి ఆ మాత్రం ప్రచారం కూడా దక్కకూడదు. రెండు కార్లు తెచ్చాడు. ఒకటి నలుపు, ఒకటి మీగడ రంగు. ఒక్కొక్కటీ మా క్లబ్బు కార్లు రెండు కలిపినంత పొడుగు. సీట్లకు తోలు, తలుపులకు నున్నటి కొయ్య, లోపల గడియారం. ఇంజను తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినాల్సిందే. ఏజెంటు తెల్ల సూటు వేసుకుని, మా చేతులు ఒక్కొక్కటే ఊపి, ఈ జిల్లాలో ఇలాంటి కారుకు తగినవాళ్లు ఈ క్లబ్బులోనే ఉన్నారని విన్నానని ఇంగ్లీషులో అన్నాడు. మిల్లు సాహుకారు ఉబ్బిపోయాడు. నేను ఉబ్బలేదా? నేనూ ఉబ్బాను. తొయ్యందే స్టార్టవ్వని కారున్నవాణ్ణి, నేనే అందరికంటే ఎక్కువ ఉబ్బాను.

కల్యాణదుర్గం రోడ్డు పట్టాం. ముందు ఆ రెండు కార్లు, వెనక మావి. మా కార్లను బాగుచేసే మేస్త్రి కూడా వచ్చాడు. ముస్లిం ఆయన, యాభై దాటిన మనిషి. అవసరమొస్తుందేమోనని సామాన్ల పెట్టె పెట్టుకుని నా కారులో ఎక్కాడు. ఊరు దాటాక ఏజెంటు కారాపి, గ్లాసు నిండా నీళ్లు పోసి బానెట్ మీద పెట్టి, ఇక చూడండన్నాడు. పది గజాలు పోలేదు, గ్లాసు కింద పడి పగిలింది. మా రోడ్డు అలాంటిది మరి. అన్నీ గుంతలు, తేలిన రాళ్లు. డాక్టరుగారు నవ్వారు. ఏజెంటు ముఖం మాడిపోయింది. ఇది రోడ్డు తప్పు, కారు తప్పు కాదని, ఎక్కడైనా చదునైన నేల చూపిస్తే నిరూపిస్తానని పంతం పట్టాడు.

ఎవరికీ అలాంటి చోటు తట్టలేదు. నేను మాట్లాడాను.

"నాకు తెలుసు," అన్నాను. "ఇక్కడికి పాతిక మైళ్లలో మంచి బయలు ఉంది."

నా మనసులో ఉన్నది ఎండాకాలంలో చూసిన అక్క చేను. పంట లేక ఉత్తగా పడున్న నేల. మా అక్క చేను అనలేదు. బయలు అన్నాను. అప్పుడే మొదలైంది నా నీచం. పల్లెటూరి రైతు తమ్ముణ్ణని వాళ్లకు తెలియకపోతే బాగుంటుందని నాకు లోపల ఎక్కడో ఉంది. ఏజెంటు నా వీపు తట్టి, ముందు కారులో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నా కారును మేస్త్రి వెనక తోలుకొచ్చాడు.

మేం పోయేసరికి మిట్టమధ్యాహ్నం. చేను దగ్గర ఎవరూ లేరు. విత్తిన చేనులో కాకులు గింజలు తవ్వుకుపోతాయని అక్క పొద్దుటి నుంచి డబ్బా కొడుతూ కాపలా కాసి, ఎండకు కాకులు చెట్లు పట్టాక, ఇంత సంగటి తిని వద్దామని ఇంటికి పోయింది. ఈ సంగతి తర్వాత తెలిసింది. సందులో కంప అడ్డంగా ఉంది. ఏజెంటు కారాపి, ముళ్లు చూసి, టైర్లు పోతాయని ఇంగ్లీషులో గోల పెట్టాడు.

ఇక్కడ నా బుద్ధి ఏమైందో చెబుతాను వినండి. పుట్టినప్పటి నుంచి కంపలు చూసినవాణ్ణి. నా చిన్నప్పుడు నా చేత్తోనే మా నాయన చేనుకు ఎన్నోసార్లు అడ్డం వేసినవాణ్ణి. అలాంటి నాకు ఆ కంప చూడగానే గుర్తొచ్చింది ఒక్కటే. పంచరు! కారు కొన్న మూడేళ్లలో ముల్లంటే పంచరే అయిపోయింది నాకు. దిగి, కోటు చేతులు పైకి లాక్కుని, ఆ కంపను నా రెండు చేతులతో ఈడ్చి గట్టు మీద పడేశాను. మణికట్టు దగ్గర పొడుగ్గా గీరుకుపోయి రక్తం కారింది. ఏజెంటు జేబురుమాలు ఇచ్చి, ముందు కట్టుకోమన్నాడు. నా మీద ప్రేమతో కాదు. మీగడ రంగు తోలుకు మరక అంటుతుందని.

కార్లు లోపలికి దిగాయి. గ్లాసు పెట్టారు. నిజంగానే తొణకలేదు! గుంటక తోలిన నేల, మూడు రోజుల ఎండకు పైన ఆరి, లోపల మెత్తగా ఉంది. టైర్లు రెండంగుళాలు దిగి, పరుపు మీద పోయినట్టు పోయాయి. ఆ మెత్తదనం మా అక్క చేసింది, ఆ చదును మా బావ చేసింది. మెచ్చుకోలు మాత్రం స్ప్రింగులకు దక్కింది. అందరూ చప్పట్లు. గట్టు పక్కన వేపచెట్టు కింద జంపఖానా పరిచారు, పలావు గిన్నెలు దించారు, ఐసు పెట్టెలో సోడాలు తీశారు. ఒక్కొక్క సభ్యుడు రెండేసి చుట్లు తిప్పాలని నిర్ణయం. ఏటా వేల మూటల కాయలు కొని నూనె తీసే మనిషి మిల్లు సాహుకారు. కాళ్ల కిందే విత్తనముంటే ఆయనకు తెలియలేదు. నవ్వుతూ రెండు చుట్లు తిప్పి, సరిపోలేదని ఇంకొకటి తిప్పాడు. మలుపుల దగ్గర వెనక చక్రాలు నేలను ఎగజిమ్మాయి.

వెనకబడ్డ నా కారు అప్పటికి చేరింది, మేస్త్రి అందులోంచి దిగి వచ్చాడు. సందు దగ్గర ఆగాడు. వంగి నేల చూశాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

ఆ చెప్పులు చూశాక నాకు తెలిసిపోయింది. ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వకీల్ సాబ్," అన్నాడు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి. "ఇది ఇత్తిన చేను సాబ్. ఆపించండి. నేను చెప్తే ఇంటారా ఈళ్లు? మీరు చెప్పాల."

రెండు చుట్లు తిప్పినవాళ్లు అప్పటికి ముగ్గురే. ఆపి ఉంటే సగానికి పైగా చేను దక్కేది. ఈ లెక్క నేను పన్నెండేళ్లుగా వేసుకుంటూనే ఉన్నాను. నేనన్నదేమిటంటే, "ఉండప్పా, చూద్దాం."

ఏం చూద్దామని? ఏజెంటు నా వీపు తట్టాడు కదా, అందరూ నా బయలును మెచ్చుకుంటున్నారు కదా. ఇప్పుడు పోయి ఇది మా అక్క చేను, ఆపండి అంటే ఏమవుతాను? తప్పు చోటికి తీసుకొచ్చిన బడుద్ధాయినవుతాను. పైగా పల్లె సంగతంతా బయటపడుతుంది. అందుకని చూద్దామన్నాను. మేస్త్రి నా ముఖంలోకి ఒకసారి చూసి, వెనక్కి పోయి గట్టు మీద కూర్చున్నాడు.

ఇంతకంటే హీనమైనది ఇంకొకటుంది. నా వంతు వచ్చింది. తెలిసి తెలిసి నడిపాను. ఏజెంటు పక్కన, గ్లాసు ముందు, నా చేతులు ఆ నున్నటి స్టీరింగు మీద. ఒక చుట్టు అయింది. రెండో చుట్టులో సందు వైపు తిరిగేసరికి అక్క కనబడింది.

ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో కట్టె. కాకులను తోలడానికి వచ్చింది. గట్టు మీద చెప్పులు విడిచింది. అలవాటు కదా. నాలుగడుగులు వేసి, టైరు జాడ దగ్గర ఆగి, కాలి బొటనవేలితో నొక్కి చూసింది. కూర్చుని వేలితో తవ్వింది. ఏదో తీసి అరచేతిలో పెట్టుకుంది. తర్వాత లేచి నేరుగా కారు ముందుకు వచ్చి నిలబడింది. నేను బ్రేకు వేశాను. అప్పుడు కూడా ఆ దిక్కుమాలిన గ్లాసు తొణకలేదు.

అక్క నన్ను చూసింది. నా కోటు చూసింది, నా చేతులు చూసింది. నేను "అక్కా" అని పిలుస్తానేమోనని చూసిందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు కూడా తెలుసు. నేను పిలవలేదు.

"కంప అడ్డమేసి పోయింటి," అంది. "ఇది ఇత్తిన చేను. కంప తీసిందెవురయ్యా?"

అయ్యా అంది నన్ను. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట సిన్నోడా అనే మాట తప్ప ఇంకొకటి వినలేదు నేను. ఆమె అరచేతిలో పగిలిన గింజ ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కరువు రోజుల్లో ఏడవని మనిషి.

"ఏమంటోంది? ఎందుకేడుస్తోంది?" అని ఏజెంటు ఇంగ్లీషులో అడిగాడు. అతనికి తెలుగు రాదు. తెలుగు వచ్చిన సభ్యులంతా దూరంగా చెట్టు కింద పలావు తింటున్నారు.

"ఇంత అందమైన కారు తన జన్మలో చూడలేదట," అన్నాను.

రాశాను. ఇప్పటికి రాశాను.

ఏజెంటుకు ఎంత ఆనందం! తలుపు తీసుకుని దిగి, చెట్టు కిందికి కేక వేసి ఆ మాట అందరికీ చెప్పాడు. అక్కడి నుంచి చప్పట్లు వినబడ్డాయి. వెనక తలుపు తెరిచి, ఆమెను ఎక్కమను, ఒక చుట్టు తిప్పుతానన్నాడు. అక్కకు ఆ భాష తెలియదు గానీ తెరిచిన తలుపు అర్థమైంది. ఆమె అతని వైపు చూడలేదు. "మీరు పోండయ్యా, పొద్దు పోతాది," అని నాతో అని, పక్కకు జరిగింది. ఏజెంటు గ్లాసు అందుకుని నీళ్లు నేల మీద పారబోశాడు. ఆ ఏడు మోటారు క్లబ్బు ఆ చేనుకు ఇచ్చిన నీళ్లు అవే.

మేం వెళ్తుంటే వెనక అద్దంలో చూశాను. అక్క కంపను ఈడ్చుకొచ్చి మళ్లీ సందులో అడ్డం వేస్తోంది. రెండో కొస మేస్త్రి పట్టుకున్నాడు. ఆయన మాతో రాలేదు, బస్సుకు వచ్చాడు. మర్నాడు నా కారు మొరాయిస్తే కబురు పంపాను. "వేరే మేస్త్రిని చూసుకోండి సాబ్," అని కబురొచ్చింది. ఇంతా చేసి ఆ కార్లు ఎవరైనా కొన్నారా అంటే, ఒక్క పురుగు కూడా కొనలేదు. కొనేవాడెవడూ లేడని తెలిసే తిప్పారు. ఊరికే మోజు తీర్చుకున్నారు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. నా కడుపుమంట అదే. కరువొచ్చి ఉంటే అందరితో పాటు పోయిందని ఒక మాట అనుకునేవాణ్ణి. కాదు, అయిదేళ్లకొకసారి వచ్చే మంచి ఏడు అది. నెల తర్వాత పోయి చూస్తే ఊరి చేలన్నీ పచ్చగా ఉన్నాయి. అక్క చేనులో అంచులే పచ్చగా ఉన్నాయి. నడిమధ్య అంతా కార్లు తిరిగిన చుట్లు, ఒకదాని మీద ఒకటి, ఎర్రగా, గట్టిగా, ఒక్క మొలక లేకుండా. మళ్లీ విత్తుదామంటే అటక మీద గింజ లేదు. చెక్క ముక్కతో ఆ చాళ్లను పెళ్లగించి చూసిందట అక్క, మూడు రోజులు, ఒక్కతే.

"యా దొరలో కార్లేసుకోనొచ్చి తొక్కి పోయినారంటప్పా," అన్నాడు బావ నాతో. "మీ అక్క ఆడే ఉండాదంట ఆ పొద్దు. ఎవురే వాళ్లు అంటే, నాకు తెల్దంటాది."

అక్క చెంబుతో నీళ్లు తెచ్చి గడపలో పెట్టింది. "కాళ్లు కడుక్కోండి వకీలయ్యా," అంది.

ఆ పంట పోయాక, ఎవరి చేనులోనూ కూలికి దిగని మా అక్క రెండేళ్లు పరుల చేలలో కలుపు తీసింది. నేను సహాయం చేస్తానంటే, "మాకేం తక్కువలేదు, మీరు కూర్చోండి," అనేది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్లు ఊళ్లో అందరికీ దొరికేవి, నాకు తప్ప. పన్నెండేళ్లు, వెళ్లిన ప్రతిసారీ, నాకు దక్కినవి "మీరు", "వకీలయ్యా" అన్న మాటలే.

డాక్టరుగారి ఇంటికి మళ్లీ వద్దాం. అందం చూసి ఏడ్చిందన్న మాట వినగానే లేచి నిలబడ్డాను.

"ఆమె మా అక్క," అన్నాను. "ఏడ్చింది కారు చూసి కాదు. మీరు తొక్కింది విత్తిన చేను. ఆమె ఏడాదంతా కడుపు మాడ్చుకుని దాచిన విత్తనం. మీ గ్లాసు తొణకకపోవడానికి కారణం స్ప్రింగులు కాదు, మా బావ తోలిన గుంటక. మెచ్చుకోవాలనుంటే ఆయనను మెచ్చుకోండి!"

గొంతు చాలా పెద్దదైందనుకుంటాను. లోపలి నుంచి డాక్టరుగారి భార్య తొంగి చూసింది.

"పోనీలేప్పా, యానాటి మాట అది," అన్నాడు మిల్లు సాహుకారు.

"మీకు యానాటిదే! మీరు పలావు తిని చెయ్యి కడుక్కున్నారు!" అని అరిచాను.

అందరూ తలలు దించుకున్నారు. డాక్టరుగారు ఒక్కరే నా వైపు చూస్తూ ఉన్నారు. కోపం లేదు ఆయనకు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

"అట్లయితే, కారు చూసి ఏడ్చిందని ఆ ఏజెంటుకు చెప్పిందెవరయ్యా?"

"నేనే," అన్నాను.

ఇంకేం మిగిలింది చెప్పడానికి? కాఫీ తాగకుండా వచ్చేశాను. మర్నాడు కోర్టుకు పోలేదు. కారు తియ్యలేదు. బస్సెక్కి కల్యాణదుర్గం పోయి, అక్కడి నుంచి ఆ ఎనిమిది మైళ్లూ నడిచాను. అక్క చేనులోనే ఉంది. వాన పడి రెండు రోజులయిందట, సందులో కంప అడ్డంగా ఉంది. నేను చెప్పులు విడిచి, కంపను తియ్యకుండా గట్టు ఎక్కి దాటాను. అక్క డబ్బా కొట్టడం ఆపి చూసింది. జుట్టు సగం తెల్లబడింది.

"అక్కా," అన్నాను. "ఆ పొద్దు కంప తీసింది నేనే."

"నాకు ఎరికే," అంది. "నీ చేతికి గుడ్డ కట్టుకోనింటివి. రక్తం కనపడతానే ఉండె. తుమ్మ ముల్లు గీరితే ఎట్లుంటాదో నాకు తెల్దా?"

"తెలిసి ఎందుకడిగినావక్కా?"

"నువ్వు చెప్తావేమోనని అడిగినా."

కాకి ఒకటి చేనులో వాలింది. అక్క డబ్బా మీద ఒక్క దెబ్బ వేసి దాన్ని లేపింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ కోపం నేను చిన్నప్పుడు చూసిన కోపం, ఊరంతా భయపడే కోపం.

"పన్నెండేండ్లు పట్టెనా నీకు, ఆ నోరు తెరిసేకి?" అంది. "ఇప్పుడు చెప్తే యా గింజ మొలుస్తాదిరా, సిన్నోడా?"